గిజ్‌డోడో రివ్యూ: ట్రేలో కొనాలా, ఇంట్లో వండాలా?

ముందే తేల్చేద్దాం. పెళ్లిలోనో పుట్టినరోజు పార్టీలోనో వేడివేడిగా కలిపి వడ్డించిన గిజ్‌డోడోకి ఐదుకి నాలుగున్నర ఇవ్వొచ్చు. అదే వంటకం మూత బిగించిన ప్లాస్టిక్ డబ్బాలో గంటన్నర ట్రాఫిక్ దాటి ఇంటికొస్తే రెండు దాటదు. చాలాసార్లు వండినవాళ్ల తప్పేమీ ఉండదు. వంటకం తీరే అంత. ఆ తీరేమిటో తెలిస్తే ఎక్కడ కొనాలో, ఎప్పుడు ఇంట్లోనే వండుకోవాలో, దేనిమీద డబ్బు పెట్టాలో తేలిపోతుంది.

గిజ్‌డోడో అంటే కోడి కందనకాయలు, వేయించిన పండు ప్లాంటేన్ (వండుకునే పెద్ద అరటి) ముక్కలు కలిపి ఎర్రటి మిరప సాస్ పట్టించిన నైజీరియా వంటకం. గిజర్డ్‌లోంచి మొదటి ముక్క తీసుకుని దానికి డోడోని జోడించారు. పండిన ప్లాంటేన్ వేపుడుని అక్కడి యొరూబా భాషలో డోడో అంటారు. లాగోస్‌లో దీని చోటు ముఖ్యంగా పార్టీ. ఓవాంబే అని పిలిచే పెద్ద విందుల్లో జొల్లోఫ్ రైస్ (టమాటా, మిరప సాస్‌లో వండిన అన్నం) పక్కన, ఫ్రైడ్ రైస్ పక్కన ఇది ఉంటుంది. చిన్న పుల్లలకు గుచ్చి స్మాల్ చాప్స్ అనే చిరుతిళ్ల పళ్లెంలోనూ పెడతారు. ఆ పళ్లెంలో పఫ్‌పఫ్ అనే తీపి పిండి ఉండలు, స్ప్రింగ్ రోల్‌తో పాటు సమోసా కూడా ఉంటుంది. మనవాళ్లకి అక్కడ తెలిసిన ముఖం అదొక్కటే.

నైజీరియా ఇళ్లలో కందనకాయకి మర్యాద ఎక్కువ. కోడిని కోస్తే అది ఇంటి పెద్దాయన పళ్లెంలోకి వెళ్లడం పాత ఆచారం. ఒక కోడికి ఉండేది ఒక్కటే కదా. మన దగ్గర చికెన్ షాపులో కార్జంతో కలిపి తూచి చవగ్గా ఇచ్చేస్తారు, అక్కడ అలా కుదరదు. అందుకే గిజ్‌డోడో ట్రే ధర చూసి మొదటిసారి కొనేవాళ్లు ఉలిక్కిపడతారు. ఆ ధరలో ఎక్కువ భాగం కందనకాయలదే. ట్రేలో ప్లాంటేన్ ఎంత, కందనకాయ ఎంత అన్నది మొదట చూడాల్సిన సంగతి. బరువులో సగంసగం ఉంటే న్యాయమైన ట్రే. మూడొంతులు అరటి ఉండి పైన మాత్రం కందనకాయలు పేర్చి ఉంటే, మీరు డోడోకి గిజ్‌డోడో ధర కడుతున్నట్టు.

కొనేది మూడు రూపాల్లో దొరుకుతుంది: విందు బఫే, స్మాల్ చాప్స్ పుల్లలు, కేటరర్ల దగ్గర ఆర్డర్ మీద వచ్చే అల్యూమినియం ట్రే లేదా లీటరు డబ్బా. వీటిలో బఫేదే పైచేయి, అదీ సాస్ విడిగా ఉంచి కొద్దికొద్దిగా కలిపి తెచ్చే వంటవాళ్లయితేనే. పెద్ద గిన్నెలో ఒకేసారి కలిపి, కింద మంట పెట్టిన మూతగిన్నెలో మూడు గంటలు ఉంచితే చివరి వరుసవాళ్లకి దక్కేది అరటి ముద్ద. పుల్లలకు గుచ్చినవి చూడ్డానికి బాగుంటాయి, సాస్ తక్కువ పడుతుంది కాబట్టి ప్లాంటేన్ అంచు నిలుస్తుంది. కందనకాయ మాత్రం చల్లారగానే గట్టిపడుతుంది, కనుక పళ్లెం తిరిగి మీ దగ్గరికి వచ్చేసరికి వెచ్చగా లేకపోతే వదిలేయండి. ఇక డబ్బా. ఆవిరి బయటికి పోదు, మూత లోపల నీటిచుక్కలై మళ్లీ ముక్కల మీదే పడుతుంది. ఆర్డర్ ఇచ్చేటప్పుడు ఒక్క మాట అడిగి చూడండి: ‘డోడో విడిగా, గిజర్డ్ సాస్ విడిగా ఇస్తారా?’ ఇస్తామన్న కేటరర్‌కి పని తెలుసు. డోడో కాగితం డబ్బాలో, మూత కాస్త తెరిచి, సాస్ ప్లాస్టిక్ డబ్బాలో రావాలి. ఇంటికొచ్చాక డోడోని వేడి ఓవెన్‌లో 200 డిగ్రీల దగ్గర ఐదారు నిమిషాలు పెట్టి, సాస్ వేడిచేసి కలుపుకుంటే ఆ రెండు మార్కుల డబ్బా మూడున్నరకి ఎక్కుతుంది.

అసలు చిక్కు ఇదీ. కందనకాయకి నీళ్లూ సమయమూ కావాలి. ప్లాంటేన్‌కి ఆ రెండూ శత్రువులు. కందనకాయ పిట్ట కడుపులో గింజల్ని నూరే కండరం. పని ఎక్కువ చేసే కండరంలో పీచు, కొల్లాజెన్ ఎక్కువ. నీటిలో నిదానంగా ఉడికితేనే ఆ కొల్లాజెన్ కరిగి ముక్క మెత్తబడుతుంది. పచ్చి కందనకాయని నేరుగా నూనెలో వేస్తే పైన రంగొస్తుంది, లోపల రబ్బరు. ప్లాంటేన్ అలా కాదు. పండుతున్నకొద్దీ పిండిపదార్థం చక్కెర అవుతుంది, ఆ చక్కెర వేడి నూనెలో నాలుగైదు నిమిషాల్లో గోధుమరంగు పొర కడుతుంది. ఆ పొరకి తడి తగిలితే పది, పదిహేను నిమిషాల్లో నానిపోతుంది. ఇంట్లో వండినా, బయట కొన్నా, ఈ రెంటినీ ఎప్పుడు కలిపారన్న దాని మీదే రుచి ఆధారపడి ఉంటుంది.

ఇక వస్తువులు ఒక్కొక్కటిగా చూద్దాం.

కందనకాయలు. నైజీరియాలో కోళ్ల మాంసం దిగుమతిపై 2003 నుంచి నిషేధం ఉంది. అయినా పక్కదేశం బెనిన్ సరిహద్దు మీదుగా గడ్డకట్టిన కోడి, టర్కీ మాంసం దొంగచాటుగా వస్తూనే ఉంటుంది, కస్టమ్స్ వాళ్లు పట్టుకుంటూనే ఉంటారు. కొనేవాళ్లకి దీనితో పనేమిటంటే, అలా వచ్చిన సరుకు దారిలో కరిగి మళ్లీ గడ్డకట్టి ఉండొచ్చు. గుర్తుపట్టడం కష్టమేమీ కాదు. ప్యాకెట్ అడుగున గులాబీరంగు మంచు పలకలా పేరుకుని ఉన్నా, ముక్కలన్నీ ఒకే గడ్డగా అతుక్కుని ఉన్నా, ముదురు ఎరుపు పోయి బూడిదరంగు తిరిగినా తీసుకోకండి. స్థానిక ఫారాల సరుకైతే ప్యాకెట్ మీద కంపెనీ చిరునామా, తేదీ, నాఫ్‌డాక్ (అక్కడి ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ) నంబరు ఉన్నాయేమో చూడండి. ఇంటికి తెచ్చి కరిగించాక ఒకసారి తూచడం మంచి అలవాటు. కిలో ప్యాకెట్‌లో ఎనిమిది వందల గ్రాముల కన్నా తక్కువ తేలితే మిగతా డబ్బు మంచుకి కట్టినట్టే.

కోడివీ టర్కీవీ పక్కపక్కనే అమ్ముతారు. టర్కీ కందనకాయ పెద్దది, కోయడానికి సుఖం, ముక్క చూడ్డానికి ఘనంగా ఉంటుంది, కానీ మామూలు గిన్నెలో ఉడకడానికి గంట నుంచి గంటంబావు పడుతుంది. కోడిదానికి నలభై నుంచి యాభై నిమిషాలు చాలు. రెంటినీ ఒకే గిన్నెలో వేయకండి. మొదటిసారి వండేవాళ్లు కోడివే కొనడం మేలు.

శుభ్రం చేసి అమ్మినా లోపలి పసుపు పొర కొంత మిగిలే ఉంటుంది. గోటితోనో చాకుమొనతోనో లాగేయాలి, లేకపోతే కూరంతా చేదు తగులుతుంది. పక్కన ఉండే తెల్లటి మెరిసే పొర సంగతి వేరు. అది చేదు కాదు, గట్టి. పార్టీ వంటవాళ్లు దాన్ని వదిలేస్తారు. ఇంట్లో ఓపిక ఉంటే తీసేయండి, పావుగంట పని, తినేటప్పుడు తేడా బాగా తెలుస్తుంది.

ప్లాంటేన్. పచ్చదనం పూర్తిగా పోయి, పసుపు మీద నల్లమచ్చలు తొక్కలో పావు నుంచి మూడో వంతు వరకు ఉన్న దశ గిజ్‌డోడోకి సరైనది. నొక్కితే కొద్దిగా దిగాలి, మెత్తగా ఉండకూడదు. మామూలు డోడోకి ఇంతకన్నా బాగా పండినవి చాలామందికి ఇష్టం, కానీ అవి సాస్ బరువుకి నిలవవు. తొక్క సగానికి పైగా నల్లబడిందంటే లోపలి కణజాలం సడలి ఉంటుంది, నూనె పీలుస్తుంది, చక్కెర ఎక్కువై లోపల వేడెక్కేలోపే పైన మాడుతుంది. పచ్చగా ఉన్నవి కొంటే కాగితం సంచిలో మూడు నుంచి ఐదు రోజులు గది వేడిలో ఉంచండి. ఫ్రిజ్‌లో పెడితే తొక్క నల్లబడుతుంది గానీ లోపల సరిగా పండదు, రంగు చూసి మోసపోతారు.

అమెరికా, బ్రిటన్ దుకాణాల్లో ముందే వేయించి గడ్డకట్టించిన తీపి ప్లాంటేన్ ప్యాకెట్లు దొరుకుతాయి. అన్నం పక్కన తినడానికి బాగుంటాయి. గిజ్‌డోడోకి వద్దు. అవి బాగా పండినవాటితో చేసినవి, సాస్ తగలగానే విడిపోతాయి. ఆ డబ్బుతో రెండు తాజా కాయలు వస్తాయి.

హైదరాబాద్, విజయవాడల్లో ఉన్నవాళ్లకి నేంద్రం అరటి సరిగ్గా సరిపోతుంది. అది ప్లాంటేన్ జాతే, కేరళ సరుకుల కొట్లలో దొరుకుతుంది, పళంపొరి చేసేది దాంతోనే. కాయ చిన్నది కాబట్టి రెండు ప్లాంటేన్‌లకి మూడు నేంద్రం లెక్క. మన బొంత అరటి పండితే నీళ్లెక్కువ, వేగినా కాసేపట్లో మెత్తబడుతుంది. గత్యంతరం లేకపోతే తప్ప దాని జోలికి వెళ్లకండి. చక్కరకేళి, అమృతపాణి, కర్పూరం అసలే పనికిరావు. రావులపాలెం మార్కెట్లో ఎంత మేలైన గెల కొన్నా అవి తినే పళ్లు, నూనెలో కరిగిపోతాయి.

మిరపలు. ఇక్కడే తెలుగువాళ్ల లెక్క తప్పుతుంది. టాటాషే అంటే కండగల ఎర్ర మిరప, రంగుకి, చిక్కదనానికి. కారం దాదాపు ఉండదు. రోడో అంటే స్కాచ్ బానెట్ అనే చాలా ఘాటైన మిరప, హబనేరో కుటుంబానిది. మన గుంటూరు సన్నం ఘాటు 35,000 నుంచి 40,000 స్కోవిల్ యూనిట్లు. రోడోలో లక్ష నుంచి మూడున్నర లక్షల దాకా ఉంటుంది. గుంటూరు కారం తిన్న ధైర్యంతో నాలుగు రోడోలు వేస్తే ఆ గిన్నె ఎవరూ ముట్టరు. నలుగురికి ఒకటి చాలు, కారం బాగా తినేవాళ్లకి రెండు. కానీ పూర్తిగా మానేయకూడదు, ఎందుకంటే దానిలో పండ్ల సువాసన ఉంటుంది, ఆ వాసనే నైజీరియా సాస్‌కి గుర్తు. రోడో దొరకని చోట టాటాషేకి బదులు ఎర్ర క్యాప్సికమ్, కారానికి రెండు మూడు పండుమిర్చి వేసుకోవచ్చు. రంగు, కారం కుదురుతాయి. వాసన కొంత తగ్గుతుంది.

లాగోస్‌లో ఇవి మైల్ 12 మార్కెట్‌కి ఉత్తరాది నుంచి లారీల్లో వస్తాయి. కొందరు సాస్‌లో వేసే టమాటా ధర మాత్రం అక్కడ పిచ్చిగా ఊగుతుంది. 2016లో కడునా రాష్ట్రంలో టూటా అబ్సొల్యూటా పురుగు తోటల్ని తినేసినప్పుడు టమాటా దొరకడమే గగనమైంది. టమాటా లేకుండా టాటాషే, ఉల్లిపాయలతోనే చేసిన సాస్ ఏ రకంగానూ తక్కువది కాదు. నిజానికి గిజ్‌డోడోకి అదే నయం, పులుపు తక్కువ, నీళ్లు తక్కువ.

కర్రీ పౌడర్, థైమ్. ఈ జంట లేకపోతే నైజీరియా వాసన రాదు. లయన్, డుక్రోస్ పేర్లతో అక్కడ దొరికే కర్రీ పౌడర్ మన మసాలా పొడులకన్నా చాలా మెతకగా, పసుపు రంగుతో ఉంటుంది. దాని బదులు కోడికూర మసాలాయో గరం మసాలాయో వేస్తే లవంగం, చెక్క పైకి లేచి మిరప సాస్‌ని మింగేస్తాయి. ఇంట్లో కలుపుకోవాలంటే చెంచా ధనియాల పొడికి అర చెంచా పసుపు, పావు చెంచా జీలకర్ర పొడి, చిటికెడు మెంతిపిండి, చిటికెడు మిరియాల పొడి. అచ్చం అదే కాదు గానీ దారి తప్పదు. ఎండు థైమ్ ఆకు ఇప్పుడు మన సూపర్‌మార్కెట్లలోనూ దొరుకుతుంది, చిన్న సీసా కొంటే చాలు. లేనప్పుడు వాము పనికొస్తుంది. రెంటిలోనూ వాసననిచ్చేది థైమాల్ అనే పదార్థమే. కాకపోతే వాము ఘాటు ఎక్కువ, చెంచా థైమ్‌కి బదులు రెండు చిటికెలు నలిపి వేస్తే సరి.

స్టాక్ క్యూబులు, అంటే వంటలో కరిగించే రుచి బిళ్లలు. నైజీరియాలో మ్యాగీ క్యూబు 4 గ్రాములు, నార్ క్యూబు 8 గ్రాములు. వంట రాసేవాళ్లు ‘రెండు క్యూబులు’ అని వదిలేస్తారు, ఏవో చెప్పరు. నార్ వేస్తే ఉప్పు రెట్టింపు. రెంటిలోనూ ఎక్కువ భాగం ఉప్పే కాబట్టి, క్యూబు కరిగి సాస్ ఇగిరాకే ఉప్పు రుచి చూసి వేయండి. మన దగ్గర దొరికే మసాలా మ్యాజిక్ పొట్లాలు దీనికి బదులు కావు, వాటిలో మసాలా వేరే. ఏదీ లేకపోతే కందనకాయలు ఉడికిన నీళ్లనే బాగా మరిగించి ఇగరబెడితే రుచికి లోటుండదు.

నలుగురైదుగురికి కొలతలు: శుభ్రం చేసిన కోడి కందనకాయలు 750 గ్రాములు, పెద్ద ప్లాంటేన్‌లు మూడు (తొక్కతో సుమారు 900 గ్రాములు, తీశాక 600 దాకా), టాటాషే లేదా ఎర్ర క్యాప్సికమ్ 300 గ్రాములు, రోడో ఒకటి, ఉల్లిపాయలు రెండు, వెల్లుల్లి నాలుగు రెబ్బలు, అంగుళం అల్లం, కర్రీ పౌడర్ చెంచాన్నర, థైమ్ ఒక చెంచా, 4 గ్రాముల క్యూబులు రెండు, బిర్యానీ ఆకు ఒకటి, ఆకుపచ్చ, పసుపు క్యాప్సికమ్‌లు అరచెక్క చొప్పున. వేయించడానికి వేరుశనగ నూనె అర లీటరు, సాస్‌కి వేరే నాలుగు పెద్ద చెంచాలు.

కందనకాయల్ని ఉప్పు, కొద్దిగా నిమ్మరసంతో రుద్ది కడిగి, ఒక్కోదాన్ని రెండు మూడు ముక్కలు చేయండి. మరీ చిన్నగా కోయొద్దు. ఉడికి, వేగేసరికి బరువులో మూడో వంతు పోతుంది. కుక్కర్‌లో వేసి సగం ఉల్లిపాయ, అర చెంచా కర్రీ పౌడర్, అర చెంచా థైమ్, బిర్యానీ ఆకు, ఒక క్యూబు, పావు లీటరు నీళ్లు. మొదటి కూత వచ్చాక సన్న మంట మీద పన్నెండు నుంచి పదిహేను నిమిషాలు. చాకు గుచ్చితే కొద్దిపాటి పట్టుతో దిగాలి. వెన్నలా మెత్తబడితే ఎక్కువైనట్టు, వేపేటప్పుడు చిట్లుతుంది. త్వరగా అవుతుందని వంటసోడా వేస్తే జిగురొస్తుంది. మాంసానికి రాసినట్టు పచ్చిబొప్పాయి రాస్తే పైన పిండిలా అయి లోపల గట్టిగానే ఉంటుంది. ఈ రెండూ వద్దు.

వడకట్టి, ఆ నీళ్లలో 100 మిల్లీలీటర్లు దాచండి. ముక్కల్ని పళ్లెంలో పరిచి పది నిమిషాలు ఆరనివ్వాలి, ఆ తర్వాత గుడ్డతో అద్దాలి. కందనకాయ మడతల్లో నీళ్లుంటే నూనెలో పేలి చేతుల మీదికి చిందుతుంది. ఈ వంటలో కాలిన మచ్చలన్నీ ఇక్కడివే. పక్కన జాలీమూత పెట్టుకోండి.

ఇవి ఆరేలోగా సాస్ మొదలుపెట్టాలి. టాటాషే, రోడో, ఒక ఉల్లిపాయ, అల్లం, వెల్లుల్లి కచ్చాపచ్చాగా తిప్పండి, మెత్తటి పేస్టు వద్దు. దాన్ని నూనె లేకుండానే గిన్నెలో పెట్టి పది, పన్నెండు నిమిషాలు నీరంతా ఇంకేదాకా ఉడికించండి. ఈ మెట్టు దాటేసి నేరుగా నూనెలో పోస్తే పచ్చివాసన, నీరు రెండూ మిగిలిపోయి, ఆ నీరే తర్వాత డోడోని నానబెడుతుంది. కొన్న ట్రేలో సాస్ పుల్లగా, పలచగా ఉందంటే అక్కడి వంటవాళ్లు తొందరపడింది కూడా ఇక్కడే.

వెడల్పాటి బాణలిలో నాలుగు పెద్ద చెంచాల నూనె వేడిచేసి కందనకాయల్ని మూడు నాలుగు నిమిషాలు అంచులు ముదురు గోధుమరంగు తిరిగేదాకా వేపి తీయండి. అంతకు మించితే ఎండిపోతాయి. మాంసం రుచి దిగిన ఆ నూనెలోనే మిగిలిన సగం ఉల్లిపాయ తరిగి వేయించి, ఇంకిన మిరపముద్ద వేయండి. విందు వంటల్లో కందనకాయల్ని కూడా డోడో వేగిన నూనెలోనే దేవుతారు, సరుకు ఎక్కువ కాబట్టి అది వాళ్లకి సులువు. ఇంట్లో మాత్రం విడిగా వేపే పద్ధతికే ఎక్కువ మార్కులు. నూనె వృథా కాదు, సాస్‌కి రుచి పెరుగుతుంది, డోడో నూనె శుభ్రంగా ఉంటుంది.

మిగిలిన కర్రీ పౌడర్, థైమ్, రెండో క్యూబు, దాచిన ఉడుకునీళ్లు ఇప్పుడే వేసేయాలి. ఆఖర్లో పోస్తే పలచబడుతుంది. మధ్యమంట మీద పది, పన్నెండు నిమిషాలు. నూనె అంచుల్లో తేలాలి, అట్లకాడతో గీస్తే గీత రెండు క్షణాలు అలాగే ఉండాలి. పరిమాణం కూడా చూసుకోండి. మొత్తం ముక్కలు కిలో దాకా ఉంటే సాస్ 300 నుంచి 350 గ్రాములు చాలు. ముక్కలకి పట్టుకుని ఉండాలి, అడుగున మడుగు కట్టకూడదు. కూరలా కలుపుకోవడానికి ఇది కాదు, జొల్లోఫ్‌కి తడి ఇప్పటికే ఉంటుంది.

ప్లాంటేన్‌ని తొక్కతీసి ఒకటిన్నర సెంటీమీటర్ల ముక్కలు చేసి, నూనెలో వేసే ముందే చిటికెడు ఉప్పు చల్లండి. ముందుగా చల్లి ఉంచితే నీరు వదులుతుంది. నూనె 170 నుంచి 175 డిగ్రీలు. ఎక్కువ పండిన కాయైతే 165 చాలు. థర్మామీటర్ లేకపోతే ఒక ముక్క వేసి చూడండి. వెంటనే చుట్టూ బుడగలొచ్చి నిదానంగా రంగు మారాలి. అర నిమిషంలోనే ఎర్రబడితే వేడి ఎక్కువ. మూడు వాయిల్లో వేయించండి. ఒకేసారి గుమ్మరిస్తే నూనె చల్లబడి ముక్కలు అంటుకుంటాయి, నూనె తాగుతాయి. మొదటి నిమిషం గరిటె పెట్టొద్దు, పొర కట్టకముందే కదిపితే చిదికిపోతాయి. నాలుగైదు నిమిషాలకి తీసి జాలీ మీద పరచండి. కాగితం మీద కుప్పపోస్తే అడుగువి ఆవిరికి మెత్తబడతాయి.

ఎయిర్ ఫ్రయర్ గురించి చాలామంది అడుగుతారు. ఉడికించిన కందనకాయలకి అది బాగానే పనిచేస్తుంది, 200 డిగ్రీల దగ్గర ఎనిమిది నిమిషాలు, పది దాటితే చెప్పు తోలే. ప్లాంటేన్‌కి మాత్రం సర్దుబాటు. చెంచా నూనె పట్టించి అదే వేడిలో పన్నెండు నిమిషాలు, మధ్యలో ఒకసారి కుదిపితే రంగొస్తుంది, తీపి ఉంటుంది, కానీ పొర పలచగా ఉండి సాస్‌లో ఇంకా త్వరగా నానుతుంది. నూనె తగ్గించాల్సినవాళ్లు వాడుకోండి, కలపకుండా సాస్‌ని పైన వేసుకుని తినండి.

చివరి ఆరేడు నిమిషాలు ఇలా. సాస్‌లో కందనకాయలు వేసి నాలుగు నిమిషాలు సన్న మంట మీద ఉంచండి. తర్వాత క్యాప్సికమ్ ముక్కలు రెండు నిమిషాలు, కరకర పోకుండా. మంట ఆపేయండి. అప్పుడే డోడో వేసి, గరిటెతో తిప్పకుండా గిన్నెనే ఎగరేసి, లేదా రెండు అట్లకాడలతో కిందనుంచి పైకి ఎత్తి అరనిమిషంలో కలపాలి. మూత పెట్టొద్దు. పావుగంటలో వడ్డించేయాలి. అతిథులు ఆలస్యమైతే డోడో వేయించడమే ఆపి ఉంచండి, కందనకాయ సాస్ ఎంతసేపైనా ఆగుతుంది.

తెలుగు చేతులకి ఒక అలవాటు ఉంటుంది: కరివేపాకు, గరం మసాలా, ఆఖర్న కొత్తిమీర. వేస్తే తప్పేమీ లేదు, మంచి కందనకాయ వేపుడు అవుతుంది, కానీ అందులో ఉండే అరటి అప్పుడు అనవసరంగా తియ్యగా తోస్తుంది. మిరప తీపి, థైమ్ వాసన, ప్లాంటేన్ చక్కెర ఒకదానికొకటి సరిపోయే వంటకం ఇది. మసాలా పెరిగితే ఆ పొందిక చెడుతుంది.

సరుకుల కోసం ఎక్కడికెళ్లాలి అంటే, లండన్‌లో ఉన్నవాళ్లకి పెకమ్‌లోని రై లేన్‌లో ప్లాంటేన్, రోడో, కర్రీ పౌడర్ అన్నీ ఒకే వీధిలో దొరుకుతాయి. హ్యూస్టన్‌లో తెలుగువాళ్లూ నైజీరియన్లూ ఇద్దరూ ఎక్కువే. నగరం నైరుతి వైపు బిసోనెట్ దగ్గర నైజీరియా దుకాణాలు, హిల్‌క్రాఫ్ట్ మీద మన దుకాణాలు, రెంటికీ కారులో దూరం తక్కువ. అమెరికాలో ప్లాంటేన్ లాటిన్ అమెరికా నుంచి వస్తుంది, మెక్సికన్ కొట్లలో చవక, బాగా పండినవి కూడా అక్కడే దొరుకుతాయి.

మిగిలిపోయినదాని సంగతి. కలిపేసిన గిజ్‌డోడో ఫ్రిజ్‌లో రెండు రోజులు పాడవదు గానీ డోడో మెత్తబడుతుంది, మైక్రోవేవ్‌లో పెడితే ఇంకా. పెనం మీద నూనె లేకుండా పెద్దమంటలో రెండు నిమిషాలు తిప్పితే కొంత తేరుకుంటుంది. ముందురోజే వండాలనుకుంటే కందనకాయ సాస్ మాత్రం వండి పెట్టండి. ఫ్రిజ్‌లో మూడు రోజులు, ఫ్రీజర్‌లో రెండు నెలలు నిల్వ ఉంటుంది, రెండో రోజుకి రుచి ఇంకా దిగుతుంది. తినే రోజు సాస్‌ని పొగలొచ్చేదాకా వేడిచేసి, ప్లాంటేన్ అప్పటికప్పుడు వేయించి కలుపుకోండి.